పదమూడేళ్ళ తర్వాత మొదలుపెడదామనుకున్న పని: ఒక కేసు పూర్తి వివరాలు

నేను కెరీర్ కౌన్సెలింగ్ చేస్తాను, ఎక్కువగా నలభై దాటినవాళ్ళతో. వాళ్ళలో చాలామంది నోట ఎప్పుడో ఒకప్పుడు వచ్చే మాట ఒకటుంది: "అది రిటైరయ్యాక చేస్తానండీ." ఆ "అది" మనిషికొకటి. పిల్లలకు చదువు చెప్పడం, చెట్లు పెంచడం, సంగీతం నేర్చుకోవడం, ముసలివాళ్ళకు తోడుగా ఉండటం, ఏదైనా కావచ్చు. ఒకప్పుడు ఈ మాట వినగానే మంచిదే అని తల ఊపి అసలు సమస్యలోకి వెళ్ళిపోయేవాణ్ణి. ఈ కేసు తర్వాత అలా వదలడం మానేశాను, ఎందుకంటే చాలాసార్లు అసలు సమస్య అదే. ఆవిడ అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను, రాశాక చదివి వినిపించాను కూడా. ఆనవాలు పట్టే వివరాలు కొన్ని మార్చాను. పేరు పెట్టను, "ఆవిడ" అనే రాస్తాను.

అప్పటికి ఆవిడకి 47 ఏళ్ళు. ఒక మధ్యస్థాయి కంపెనీలో అకౌంట్స్ విభాగం మొత్తం ఆవిడ చూస్తారు. భర్తదీ ఉద్యోగమే. ఇద్దరు పిల్లల్లో పెద్దవాడు కాలేజీకి వచ్చాడు, చిన్నది స్కూల్లో ఉంది. పెద్ద అప్పుల్లేవు. ఆఫీసులో గొడవల్లేవు, జీతం బాగానే ఉంది, పైవాళ్ళకి ఆవిడ మాటంటే గురి. అయినా రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తోంది, ఆదివారం సాయంత్రమయ్యేసరికి గుండె మీద ఏదో బరువు. డాక్టరుకి చూపించుకుంటే ఒంట్లో ఏ తేడా లేదన్నారు. నా దగ్గరికి తెచ్చిన ప్రశ్న మాత్రం సూటిగా ఉంది: "వేరే కంపెనీకి మారితే ఇది తగ్గుతుందా?"

రెండు సెషన్లు ఆ ప్రశ్న మీదే గడిచాయి. ఏ కంపెనీకి మారినా అదే పని, అవే నెలాఖరు లెక్కలు, అదే ఆడిట్ టెన్షన్ అని ఇద్దరికీ అర్థమైంది. మూడో సెషన్లో, "మీకు నచ్చిన పని అంటూ ఏదైనా ఉందా?" అని మామూలుగానే అడిగాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్లో ఒక ఫోల్డర్ తెరిచి చూపించారు. అందులో ఎనిమిదేళ్ళుగా దాచుకున్నవి ఉన్నాయి: వ్యాసాలు, శిక్షణ తరగతుల వివరాలు, రికార్డింగ్ పరికరాల ఫోటోలు. ఫోల్డర్ పేరు "60 తర్వాత".

కథ కాలేజీ రోజుల్లో మొదలైంది. ఆవిడకి చూపు లేని స్నేహితురాలు ఒకరుండేవారు. మూడేళ్ళపాటు ఈవిడ పాఠాలు పైకి చదివేది, ఆ అమ్మాయి బ్రెయిల్‌లో రాసుకునేది. కథలు, చరిత్ర, అర్థశాస్త్రం సాఫీగా సాగాయి. అకౌంటెన్సీ దగ్గరికి వచ్చేసరికి చదవడం ఈవిడ వల్ల కాలేదు. ఒక పట్టికని నోటితో ఎలా చదవాలి? అడ్డంగా చదివితే ఒకలా, నిలువుగా చదివితే ఒకలా ఉంది. చివరికి ఆ అమ్మాయి అకౌంటెన్సీ వదిలేసి వేరే సబ్జెక్టుకి మారింది. తెలివి తక్కువై కాదు, టేబుల్స్ చదివి వినిపించే దారి లేక. ఈవిడేమో అదే అకౌంటెన్సీలో పైకొచ్చారు. "నాకు దొరికింది తనకి దొరకలేదు కదా, ఆ పుస్తకాలు అందరూ చదవగలిగేలా చేయాలని అప్పట్నుంచీ ఉంది. రిటైరయ్యాక పూర్తిగా దాని మీదే కూర్చుంటా" అన్నారు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. నాకు ఈ ఆలోచన ఎంత నచ్చిందంటే వెంటనే కాగితం తీసి పదమూడేళ్ళ ప్లాన్ వేయించాను. ఏ ఏడు ఎంత పొదుపు చేయాలి, 58కి ఏ కోర్సు చేయాలి, ఇంట్లో ఏ గది దీనికి కేటాయించాలి, అన్నీ రాశాం. ఆవిడ సంతోషంగా వెళ్ళారు, నేనూ మంచి పని చేశాననుకున్నాను. రెండు నెలల తర్వాత వచ్చినప్పుడు నిద్ర ఇంకా పాడైంది. "ఇంతకుముందు ఆ ఫోల్డర్ తెరిస్తే హాయిగా ఉండేది సార్. ఇప్పుడు మీరు రాసిచ్చిన కాగితం చూస్తే, ఇంకా పదమూడేళ్ళా అనిపిస్తోంది" అన్నారు.

మసకగా ఉన్నంతకాలం ఆ కోరిక ఆవిడకి ఊరటనిచ్చింది. నేను దానికి తేదీలు వేసి, ఎంత దూరంలో ఉందో కళ్ళకి కట్టించాను. పైగా ప్లాన్ వేయడంలోనే ఎంతో కొంత చేసేసిన తృప్తి దొరికిపోయింది, చేసిందేమో ఏమీ లేదు.

అప్పుడు వెనక్కి వెళ్ళి మొదట అడగాల్సిన ప్రశ్న అడిగాను: ఇప్పుడే ఎందుకు కాదు?

ఆవిడ చెప్పిన మొదటి కారణం టైము. "ఇప్పుడెక్కడ కుదురుతుంది, అప్పుడైతే కావలసినంత ఉంటుంది." ఇది అందరూ చెప్పేదే. దీని మీద గాల్ జౌబర్‌మన్, జాన్ లించ్ అనే ఇద్దరు పరిశోధకులు 2005లో ఒక మంచి విషయం బయటపెట్టారు. మనుషులు ముందు ముందు తమకి ఇప్పటికన్నా ఎక్కువ ఖాళీ ఉంటుందని అనుకుంటారు, అదీ డబ్బు విషయంలో కన్నా టైము విషయంలో ఈ నమ్మకం చాలా ఎక్కువ. వచ్చే నెల ఖర్చులుంటాయని ఊహించగలం, వచ్చే నెల పనులుంటాయని మాత్రం ఊహించలేం. ఆ రోజు వచ్చాక ఇవాళ్టిలాగే నిండిపోయి ఉంటుంది. ఆవిడకి ఇది చెబితే నవ్వి, "మా ఆఫీసులో బడ్జెట్ అంతా ఇలాగే వేస్తాం" అన్నారు.

రెండోది ఒంట్లో ఓపిక. ఆవిడ లెక్కలో 60 నుంచి 75 దాకా పదిహేనేళ్ళు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల్లో 2019కి ప్రపంచ సగటు ఆయుర్దాయం సుమారు 73 ఏళ్ళు, అందులో ఆరోగ్యంగా గడిచేవి దాదాపు 63 నుంచి 64. సగటు ఎవరి జాతకమూ కాదు, అరవై దాకా వచ్చినవాళ్ళు ఆ సగటు దాటి బతికే అవకాశం ఎక్కువ, అది కూడా ఆవిడకి స్పష్టంగా చెప్పాను. ఎవరినీ భయపెట్టి పని మొదలుపెట్టించడం నాకు ఇష్టం లేదు. కానీ గంటల తరబడి స్క్రీన్ మీద అంకెలు సరిచూడాల్సిన పనిని కళ్ళు, వేళ్ళు, ఓపిక ఎలా ఉంటాయో తెలియని రోజులకి మొత్తంగా వాయిదా వేస్తున్నామన్నది మాత్రం ఇద్దరం ఒప్పుకున్నాం.

ఇంకో విషయం. ఈ అరవై, అరవై అయిదు అనే గీత ప్రకృతి గీసింది కాదు. ఛాన్సలర్ బిస్మార్క్ కాలంలో జర్మనీ 1889లో వృద్ధాప్య పెన్షన్ చట్టం తెచ్చినప్పుడు వయసు 70, దాన్ని 1916లో 65కి తగ్గించారు. పెన్షన్ ఎప్పటినుంచి ఇవ్వగలమన్న సర్కారు లెక్క అది. మనసుకి నచ్చిన పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నదానికి దాంతో ఏ సంబంధమూ లేదు, కానీ మనం రెంటినీ ఒకే తేదీకి ముడేసి కూర్చుంటాం.

చర్చలు ఆపి ఆవిడకి ఒక పని అప్పగించాను. "రిటైరయ్యాక ఫలానాది చేస్తా" అని గట్టిగా చెప్పి, నిజంగా రిటైరైనవాళ్ళని ముగ్గురిని కలిసి రండి, ఏం జరిగిందో అడగండి, సలహాలు మాత్రం అడగొద్దు. ఆవిడ కలిసిన మొదటాయన పాత బాస్. పిల్లలకి లెక్కలు చెబుతానని పదేళ్ళు చెప్పారు. రిటైరై మూడేళ్ళైనా మొదలుపెట్టలేదు, ఎవర్ని అడగాలో తెలియలేదట, వెళ్ళి అడగడానికి మొహమాటమట. రెండో ఆవిడ చిత్రలేఖనం అనుకున్నారు, కానీ రిటైరైన ఏడాదే ఇంట్లో ఒకరికి జబ్బు చేసి పూర్తిగా ఆ సేవలోనే ఉండిపోయారు. మూడో ఆయన అనుకున్నట్టే చేస్తున్నారు, రోజూ చేస్తున్నారు, సంతోషంగా ఉన్నారు. ఆయన ఆ పని రిటైర్మెంట్‌కి తొమ్మిదేళ్ళ ముందే వారానికి ఒక పూట చొప్పున మొదలుపెట్టారు.

ముగ్గురి మాటతో ఏ సిద్ధాంతమూ కట్టలేం. కానీ నేను రెండు నెలలు చెప్పిన దానికన్నా ఆ మూడు సంభాషణలే ఆవిడని ఎక్కువ కదిలించాయి. అన్నిటికన్నా ఆ మొదటాయన "మొహమాటం" అన్న మాట. "నాకూ అదేనేమో సార్" అన్నారు ఆవిడ.

అక్కడినుంచి అసలు కారణం బయటికొచ్చింది. టైము, ఓపిక, "చేస్తే పూర్తిగా చేయాలి, సగం సగం చేయకూడదు" అనే పట్టుదల, ఇవన్నీ నిజమే. కానీ వాటి అడుగున ఇంకొకటి ఉంది. కాలేజీ రోజుల నుంచీ ఈ కోరిక ఆవిడకి తోడుగా ఉంది. ఆఫీసులో చేదుగా గడిచిన ప్రతి రోజూ "నా అసలు పని వేరే ఉందిలే" అనుకోవడానికి పనికొచ్చింది. ఇప్పుడు మొదలుపెట్టి, తనకి చేతకాదని తేలితే? లేదా చేశాక నచ్చకపోతే? అప్పుడు చేతిలో ఉద్యోగమొక్కటే మిగులుతుంది. ఇది చెప్పేటప్పుడు ఆవిడ ఏడ్చారు. నేను ఏమీ అనలేదు.

నా అనుభవంలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. చేయని పనిలో తప్పులుండవు, మనసులో ఉన్నంతకాలం అది ఎంత అందంగానైనా ఉంటుంది. కానీ పదమూడేళ్ళు దాచినా అది పరీక్షకి నిలబడని ఊహగానే ఉంటుంది. పైగా అరవయ్యోయేట ఆ పనే నచ్చుతుందని ఎవరు చెప్పగలరు? క్వాయిడ్‌బాక్, గిల్బర్ట్, విల్సన్ 2013లో ప్రచురించిన పరిశోధనలో 18 నుంచి 68 ఏళ్ళ మధ్య ఉన్న 19 వేలకు పైగా మందిని చూశారు. అన్ని వయసులవాళ్ళూ గత పదేళ్ళలో చాలా మారామని చెప్పారు, వచ్చే పదేళ్ళలో మాత్రం పెద్దగా మారబోమనే అనుకున్నారు. ఇవాళ్టి మన ఇష్టాన్ని తీసుకెళ్ళి, మనకి ఇంకా పరిచయం లేని ఒక మనిషి నెత్తిన పెడుతున్నామన్నమాట.

"సగం సగం చేస్తే ఏం సాధిస్తాం" అన్న మాటకి మైకేల్ వెంట్రిస్ సంగతి చెప్పాను. ఆయన వృత్తి ఆర్కిటెక్ట్. ప్రాచీన గ్రీకు ప్రాంతపు లీనియర్-బి అనే లిపి మీద పధ్నాలుగో ఏట ఆసక్తి పుట్టింది, చదువూ యుద్ధమూ ఉద్యోగమూ జరుగుతుండగానే దాని మీద పనిచేస్తూ వచ్చి 1952లో దాన్ని ఛేదించారు. 1956లో కారు ప్రమాదంలో 34 ఏళ్ళకే చనిపోయారు. మనందరం వెంట్రిస్‌లం కాదు, ఆవిడ చేయాల్సింది లిపి ఛేదించడమూ కాదు. అయినా వృత్తి పక్కన నడిచిన పని చిన్నదైపోదని చెప్పడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక పని. మొదట రెండు వారాలు ఆవిడ రోజూ ఏ అరగంట ఎక్కడికి పోతోందో రాశారు. నేను వారానికి పది గంటలు దొరుకుతాయనుకున్నాను. నిజంగా దొరికినవి నాలుగు. అందులో రెండు ఆవిడ పూర్తిగా అలసిపోయి ఉండే రాత్రి వేళలు, అంటే లేనట్టే. మిగిలినవి గురువారం పొద్దున్న గంట, ఆదివారం పొద్దున్న గంట. నేను కాస్త నిరాశపడ్డాను, ఆవిడ పడలేదు. "రెండు గంటలు నిజంగా ఉన్నాయి కదా" అన్నారు. అకౌంటెంట్‌కి చేతిలో ఉన్న మొత్తం ముఖ్యం.

ఒప్పందం ఇలా చేసుకున్నాం: పుస్తకం కాదు, ఒక్క అధ్యాయం. "చూపు లేని విద్యార్థులు" కాదు, ఒక్క విద్యార్థి. కొత్త పరికరాలు కొనకూడదు, కోర్సులో చేరకూడదు. ఈ చివరి షరతు ఆవిడకి కష్టమైంది, ఎందుకంటే సిద్ధమవడం అనేది వాయిదా వేయడానికి అందరూ మెచ్చుకునే దారి. పాత స్నేహితురాలికి ఫోన్ చేశారు. ఆ స్నేహితురాలు ఇప్పుడు టీచరు. ఆమె ద్వారా దృష్టి లోపం ఉన్న విద్యార్థులకి పుస్తకాలు తయారుచేసే ఒక సంస్థ, ఆ సంస్థ ద్వారా డిగ్రీలో కామర్స్ చదువుతున్న ఒక అమ్మాయి పరిచయమయ్యారు. సంస్థ ద్వారానే వెళ్ళమని నేను పట్టుబట్టాను, కాపీరైట్ విషయం ఉంది కాబట్టి. చూపు లేనివాళ్ళకి, అచ్చు పుస్తకం చదవలేనివాళ్ళకి పనికొచ్చే ప్రతులు తయారుచేసుకోవడానికి 2013లో మరాకేష్ ఒప్పందం కుదిరింది, 2016లో అమల్లోకి వచ్చింది. చేరిన దేశాల్లో గుర్తింపు ఉన్న సంస్థలు ప్రచురణకర్త అనుమతి విడిగా అడగకుండానే అలాంటి ప్రతులు తయారు చేయవచ్చు. సొంతంగా చేసి నెట్‌లో పెట్టేయడం వేరే సంగతి. అలాగే ఆవిడ కంపెనీ హెచ్‌ఆర్‌కి, బయట జీతం లేని సేవ చేస్తున్నానని రాసి అనుమతి తీసుకున్నారు. చాలామంది ఇది మర్చిపోయి తర్వాత ఇరుక్కుంటారు.

మొదటి అధ్యాయం అయిదు వారాలు పట్టింది. ఆవిడ దాన్ని తన గొంతుతో రికార్డు చేశారు, నలభై నిమిషాలు, స్పష్టంగా, ఎంతో శ్రద్ధగా. ఆ అమ్మాయి విని చెప్పింది: "మేడమ్, మీ గొంతు చాలా బాగుంది. కానీ పరీక్షకి పనికిరాదు. మూడో లెక్క ఎక్కడుందో వెతకాలంటే మొత్తం వినాల్సి వస్తోంది."

ఎనిమిదేళ్ళుగా ఫోల్డర్లో దాచుకున్న రికార్డింగ్ పరికరాల ఫోటోలన్నీ ఈ ఒక్క వాక్యంతో పక్కకి వెళ్ళిపోయాయి. ఆ అమ్మాయికి కావలసింది గొంతు కాదు, స్క్రీన్ రీడర్‌తో, అంటే తెర మీది అక్షరాలని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో, చదువుకోగలిగే ఫైలు. ఆ అమ్మాయి వాడేది ఎన్‌వీడీఏ, చూపు లేని ప్రోగ్రామర్ మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. ఫైల్లో శీర్షికలకి సరైన హెడింగ్ స్టైల్ పెడితే, బ్రౌజ్ మోడ్‌లో (ఫైల్లో తిరుగుతూ చదువుకునే పద్ధతిలో) హెచ్ కీ నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకి గెంతవచ్చు, టీ నొక్కితే టేబుల్ దగ్గరికి వెళ్ళవచ్చు. శీర్షికని కేవలం లావు అక్షరాల్లో పెడితే చూసేవాళ్ళకి అది శీర్షిక, స్క్రీన్ రీడర్‌కి అదో మామూలు వాక్యం.

తర్వాత ఆ పాత శత్రువు, అంటే టేబుల్స్. లెడ్జర్ ఖాతాని పుస్తకంలో ఎడమవైపు డెబిట్, కుడివైపు క్రెడిట్ అని ఒకదాని పక్కన ఒకటి వేస్తారు. కంటికి రెండూ విడివిడిగా కనిపిస్తాయి. స్క్రీన్ రీడర్ అడ్డ వరస వెంబడి చదువుతుంది కాబట్టి డెబిట్‌లోది ఒకటి, క్రెడిట్‌లోది ఒకటి కలగలిసిపోయి వినిపిస్తాయి. కాలేజీలో తను పైకి చదివినప్పుడు స్నేహితురాలికి అర్థం కానిది సరిగ్గా ఇదేనని ఆవిడకి ఇప్పుడు తట్టింది. రెండు వైపులనీ రెండు వేరు టేబుల్స్‌గా విడగొట్టి, ఒకదాని కింద ఒకటి పెట్టారు. అంతే, అది చదవగలిగేదైపోయింది. ఇంత చిన్న మార్పు. ఆ రోజు సెషన్లో దీని గురించి చెబుతున్నప్పుడు ఆవిడ కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు, నేను అప్పటిదాకా ఆవిడని అలా చూడలేదు.

అలాంటివి ఒక్కొక్కటే బయటపడ్డాయి. రెండు నిలువు వరసల మీద ఒకే శీర్షిక వచ్చేలా సెల్స్ కలిపేస్తే, వినేవాళ్ళకి ఏ అంకె ఏ ఏడాదిదో దారి తప్పుతుంది. కలపకుండా ప్రతి వరస మీదా శీర్షిక మళ్ళీ రాయాలి. ఖాళీ సెల్‌ని ఖాళీగా వదిలితే అంకె లేదా, చదవడం తప్పిందా అన్న అనుమానం వస్తుంది, అక్కడ "లేదు" అని రాయాలి. స్కాన్ చేసిన పేజీల్లో 8 కాస్తా 3 అయిపోతుంది, కామా చుక్క అయిపోతుంది. ఆవిడ ప్రతి టేబుల్ మొత్తాన్నీ మళ్ళీ కూడి చూస్తారు, కలవకపోతే ఎక్కడో అంకె తప్పు పడిందన్నమాట. అకౌంట్స్ తెలియని వాలంటీరుకి ఈ తప్పులు కంట పడవు. అంటే, ఏ ఉద్యోగం నుంచి పారిపోవాలని నా దగ్గరికి వచ్చారో, ఆ ఉద్యోగం నేర్పిందే ఇక్కడ ఆవిడ బలమైంది.

అన్నిటికన్నా పెద్దది బ్రాకెట్ల సంగతి. అకౌంట్స్‌లో నష్టాన్ని, తీసివేతని మైనస్ గుర్తుకి బదులు బ్రాకెట్లో వేస్తారు. ఆ అమ్మాయి వాడే స్క్రీన్ రీడర్ మామూలు సెట్టింగులో బ్రాకెట్లని పలకదు. 5,000 నష్టం ఆ అమ్మాయికి 5,000 లాభంలా వినిపించింది, లెక్క మొత్తం తప్పింది, క్లాసులో తనకే అర్థం కాలేదని అనుకుని బాధపడింది. విషయం తెలిశాక ఆవిడ అప్పటిదాకా చేసిన అధ్యాయాలన్నీ మళ్ళీ తెరిచి, ప్రతి బ్రాకెట్ ముందూ "మైనస్" అని అక్షరాల్లో రాశారు. మూడు ఆదివారాలు పట్టింది. ఫోల్డర్ని ఇంకో పదమూడేళ్ళు నింపినా ఈ బ్రాకెట్ సంగతి తెలిసేది కాదు. అరవైలో మొదలుపెట్టి ఉంటే, ఈ తప్పులన్నీ అరవై ఒకటిలో చేసేవారు, ఆ అమ్మాయి చదువు ఈలోగా ఎప్పుడో అయిపోయేది.

అంతా ఇలా సాఫీగా సాగలేదు. నాలుగో నెలలో ఆఫీసులో వార్షిక లెక్కల ముగింపు వచ్చింది, ఆరు వారాలు ఫైలు తెరవలేదు. ఆ తర్వాత తెరవడానికి సిగ్గు. ఆ అమ్మాయి మెసేజ్‌కి జవాబివ్వడం మానేశారు, నా సెషన్ కూడా ఒకటి రద్దు చేశారు. ఇది మా ఇద్దరికీ తెలిసి ఉండాల్సిన విషయం, ఎందుకంటే అకౌంట్స్‌లో ఉన్నవాళ్ళకి ఏ నెల మునిగిపోతుందో ఏడాది ముందే తెలుసు. నేను దాన్ని ముందే లెక్కలోకి తీసుకోలేదు. ఆ తర్వాత రెండు మార్పులు చేశాం. ఆ నెలల్లో పని "పావుగంట, ఒక్క టేబుల్ కూడి చూడటం" మాత్రమే, అంతకన్నా చేస్తే తప్పు. ఇక పీటర్ గోల్విట్జర్ 1999లో రాసిన "ఇలా జరిగితే ఇలా చేస్తా" అనే పద్ధతిలో ఒక వాక్యం రాసుకున్నారు: "రెండు గురువారాలు వరసగా తప్పితే, మూడో గురువారం పొద్దున్నే ఆ అమ్మాయికి మెసేజ్ పెడతా, ఆలస్యమవుతోందని చెబుతా." రోజూ చేస్తానన్న శపథాల కన్నా, తప్పినప్పుడు ఏం చేయాలో ముందే రాసుకున్న వాక్యం చాలా గట్టిగా పనిచేస్తుంది. రెండో ఏడాది ముగింపు నెలలో పని పలచబడింది కానీ తెగలేదు.

ఇంట్లో కూడా కొంత నలిగింది. ఆదివారం పొద్దున్న గంట అనుకున్నది రెండున్నర అయ్యేది. భర్త కొన్నాళ్ళు ఊరుకుని, ఒకరోజు "మాకు మిగిలిన ఒక్క పూటా అది తీసుకుంటోంది" అన్నారట. ఆ మాటలో న్యాయం ఉంది. అలారం పెట్టుకుని గంటంబావుకి లేవడం అలవాటు చేసుకున్నారు. పాత స్నేహితులతో నెలకోసారి కలిసే అలవాటు దాదాపు పోయింది, దానికి ఆవిడ ఇప్పటికీ బాధపడతారు.

ఈ కేసు చదివి ఎవరికి వాళ్ళు వెంటనే దూకేయాలని నేను అనడం లేదు. దీని తర్వాత ఉత్సాహంలో ఇంకొకరిని ఇలాగే తొందరపెట్టాను. ఆయన అప్పట్లో అప్పులు తీరుస్తూ, పడకలో ఉన్న తల్లిని చూసుకుంటూ, రెండో పని కూడా చేస్తున్నారు. రెండు నెలల్లో పూర్తిగా కుంగిపోయారు. ఆయనకి అప్పుడు కావలసింది నిద్ర, ఇంకో బాధ్యత కాదు. నేను క్షమాపణ చెప్పాను. ఇప్పుడు ఎవరికైనా "మొదలుపెట్టండి" అనే ముందు ఆ రెండు వారాల రాత చూస్తాను. అందులో ఒక్క నిజమైన గంట కూడా లేకపోతే ఆ మాట అనను. అప్పుడు మాట్లాడాల్సింది భారం తగ్గించుకోవడం గురించి.

ఇరవై నెలలయ్యేసరికి ఎక్కడున్నామంటే: రెండు పుస్తకాలు పూర్తయ్యాయి, మూడోది సగంలో ఉంది. ఆ అమ్మాయి చివరి ఏడాదికి వచ్చింది, తన వెనక ఇంకో ముగ్గురు అవే ఫైళ్ళు వాడుతున్నారు. ఆవిడ అదే కంపెనీలో అదే ఉద్యోగం చేస్తున్నారు. ఆఫీసు పని మీద కొత్త ప్రేమేమీ పుట్టలేదు, నెలాఖరు టెన్షన్ అలాగే ఉంది. నిద్ర మెరుగైంది, ముగింపు నెలలో మళ్ళీ పాడవుతుంది. "60 తర్వాత" ఫోల్డర్ని తీసేశారా అని అడిగితే లేదన్నారు, తెరిచి మాత్రం చాలా రోజులైందట. 55కే మానేయాలా, తక్కువ గంటలకి మారాలా అన్న ఆలోచన ఇప్పుడు కొత్తగా వచ్చింది. దాని మీద ఇంకా లెక్కలు వేస్తున్నారు. ఈసారి ఆ లెక్కల్లో వారానికి ఎన్ని టేబుల్స్ చేయగలరో అన్న నిజమైన అంకె ఉంది.

మా ఇద్దరికీ ఒక విషయంలో పొత్తు కుదరలేదు. సంస్థవాళ్ళు ఆవిడని ఇంకో ఇద్దరు వాలంటీర్లకి నేర్పమంటున్నారు. నేర్పితే పుస్తకాలు త్వరగా వస్తాయని నా అభిప్రాయం. తన గురువారం గంట నేర్పడానికి పోతే చేతిలో పని ఆగిపోతుందని, ఆ పని చేయడమే తనకి ఇష్టమని ఆవిడ వాదన. ఆవిడ చెప్పేదాంట్లోనూ బలముంది, వచ్చే నెల మళ్ళీ కూర్చుంటాం. మొన్నటి సెషన్లో అది మాట్లాడదామనే అనుకున్నాం కానీ ఆవిడ ఒక కొత్త చిక్కు తెచ్చారు, రెండు పేజీలకి అడ్డంగా పరుచుకున్న ఒక కన్సాలిడేటెడ్ బ్యాలెన్స్ షీట్ (అనుబంధ కంపెనీలవి కూడా కలిపి చూపే ఆస్తి అప్పుల పట్టిక), పదకొండు నిలువు వరసలు. దాన్ని ఎక్కడ కోస్తే వినేవాళ్ళకి దారి తప్పదో ఆవిడకి ఇంకా తేలలేదు. ఆ రెండు పేజీలూ నా బల్ల మీద పరిచి, నాకు అకౌంట్స్ ఏమీ రాకపోయినా, ఒక్కో వరసా నా చేత పైకి చదివించుకుంటూ కళ్ళు మూసుకుని విన్నారు.